ఉపాధి హామీ సామాజిక తనిఖీ: కూలీ వైపు నుంచి ఒక సమీక్ష

రేషన్ దుకాణం మీద, మీసేవ మీద, ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల మీద జనం తమకు తోచింది రాస్తూనే ఉంటారు. ఉపాధి హామీ పనులపై ఊరికి వచ్చే సామాజిక తనిఖీ (రికార్డుల్లోని పనిని, కూలిని కూలీలనే అడిగి సరిచూసే పద్ధతి) గురించి మాత్రం, ప్రజావేదిక (తనిఖీలో తేలినవాటిపై జరిగే బహిరంగ సభ) జరిగిన మర్నాడు జిల్లా పేజీలో 'లక్షలు స్వాహా' అన్న వార్త తప్ప ఇంకేమీ కనిపించదు. తనిఖీ కూడా ఒక సేవే. దానికి సిబ్బంది ఉన్నారు, నిబంధనలున్నాయి, పథకం ఖర్చులో 0.5 శాతం దాకా కేటాయింపు ఉంది. ఆ సేవ అందుకోవాల్సింది జాబ్ కార్డు ఉన్న కూలీ. అది ఆ కూలీ దాకా ఎంతవరకు వస్తోంది, ఎక్కడ తెగిపోతోంది అన్నది చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం. ఇక్కడ చెప్పే ఉపాధి హామీ నిబంధనలు 2005 చట్టం కిందివి; దాని స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో కొత్త చట్టాన్ని ఆమోదించింది.

ముందే తేల్చి చెప్పాలంటే, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి లెక్క తేల్చే భాగానికి ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికకు మూడు. ఆ తర్వాత జరగాల్సిన వసూలుకు, చర్యలకు ఒకటి ఇవ్వడం కూడా కష్టమే. మూడింటికీ సగటు కట్టడం సరికాదు. మూడోది జరగకపోతే మొదటిదాని కష్టమంతా కాగితం మీదే మిగిలిపోతుంది.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూస్తే దాని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన సున్‌వాయి (బహిరంగ విచారణ) పెట్టింది. పనుల మస్టర్లను (కూలీల హాజరుపట్టీలను), బిల్లులను ఊరందరి ముందు గట్టిగా చదివి, ఇది నిజమా కాదా అని అడగడమే దాని పద్ధతి. సమాచార హక్కు కోసం ఉద్యమం బలపడింది ఆ సభల నుంచే. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో, పనులన్నిటినీ గ్రామసభ క్రమం తప్పకుండా సామాజిక తనిఖీ చేయాలని, మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు, మంజూరు ఉత్తర్వుల నకళ్లు పంచాయతీ దాని ముందు పెట్టాలని రాశారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. పనులు చేయించే పంచాయతీయే గ్రామసభను నడిపి తన లెక్కలు తానే తనిఖీ చేయించుకుంటే ఏం బయటపడుతుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ ఈ ప్రశ్నను మొదట్లోనే గట్టిగా వేసుకుంది. బయటి ఊళ్ల యువతకు శిక్షణ ఇచ్చి పంపే పద్ధతిని 2006లోనే మొదలుపెట్టి, 2009లో సామాజిక తనిఖీకంటూ ఒక సొసైటీని ఏర్పాటు చేసింది. 2011లో కేంద్రం ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్‌ను సంప్రదించి దేశమంతటికీ తనిఖీ నిబంధనలు తెచ్చినప్పుడు ఈ నమూనాలోని ముఖ్యమైన అంశాలు వాటిలో కనిపించాయి. రాష్ట్ర విభజన తర్వాత ఏపీ, తెలంగాణ రెండూ వేర్వేరు విభాగాలతో దీన్ని కొనసాగించాయి.

అంటే ఉద్యమంలో పుట్టిన పద్ధతిని ప్రభుత్వమే చేపట్టింది. అందువల్ల తనిఖీ బృందానికి రికార్డులు హక్కుగా దొరుకుతాయి, ఏ ఊరూ తప్పించుకోలేదు. అందువల్లే తప్పు చేసిన శాఖే శిక్ష కూడా వేయాల్సి వస్తుంది. కింద చెప్పే మంచీ చెడూ ఈ రెండింటి నుంచే వస్తాయి.

ఊళ్లో జరిగేది

నిబంధనల ప్రకారం ప్రతి పంచాయతీలో ఆరు నెలలకోసారి తనిఖీ జరగాలి. తనిఖీ గ్రామసభకు 15 రోజుల ముందే రికార్డులన్నీ బృందం చేతికి రావాలి. మొదటి పేచీ ఇక్కడే. 'ఎం-బుక్కులు (కొలతల పుస్తకాలు) ఇంజనీరు దగ్గర ఉన్నాయి', 'ఆపరేటరు సెలవులో ఉన్నాడు' అన్న జవాబులు ఏ మండలంలో ఎక్కువగా వినిపిస్తే అక్కడ లెక్కలు ఇంకాస్త లోతుగా చూడాలి. పని తెలిసిన డీఆర్‌పీలు, అంటే జిల్లా రిసోర్స్ పర్సన్లు, అందని ప్రతి కాగితాన్నీ పని నంబరుతో సహా జాబితా రాసి ఎంపీడీఓతో సంతకం చేయిస్తారు. ఆ సంతకం తీసుకోకపోతే, పదిహేను రోజులపాటు దొరకని కాగితాలు ప్రజావేదిక నాడు నిగనిగలాడుతూ ప్రత్యక్షమవుతాయి.

తర్వాత చదువుకున్న యువతను, ముఖ్యంగా కూలీల ఇళ్ల పిల్లలను, గ్రామ తనిఖీదారులుగా ఎంచుకుంటారు. వాడుకలో వీరు వీఎస్‌ఏలు. మస్టరు చదవడం, కొలతలు వేయడం, వాంగ్మూలం రాయడం నేర్పి ఊళ్లకు పంపుతారు. సొంత ఊరికి ఎవరినీ పంపకూడదు. బస ఊళ్లోనే, కానీ పనితో సంబంధం ఉన్నవారి ఇళ్లలో భోజనం చేయకూడదు. ఈ రెండు నియమాలు పాటించిన చోట తనిఖీ గట్టిగా ఉంటుంది. వీఎస్‌ఏలు సాయంత్రానికి మండల కేంద్రానికి తిరిగి వెళ్లిపోయే చోట తూతూమంత్రంగా ముగుస్తుంది. కూలీలు ఇంట్లో దొరికేది తెల్లవారుజామున, లేదంటే చీకటి పడ్డాక. పది గంటలకు వచ్చి నాలుగింటికి వెళ్లే బృందానికి ముసలివాళ్లు, చిన్నపిల్లలు తప్ప ఎవరూ కనబడరు.

ఇంటింటి పరిశీలనలో గొప్పదనమంతా ప్రశ్న అడిగే తీరులో ఉంది. 'డబ్బులు సరిగా వచ్చాయా?' అంటే 'వచ్చాయి' అనే జవాబు వస్తుంది. 'ఉగాదికి ముందు వారం చెరువు పూడిక పనికి ఆరు రోజులు వెళ్లినట్టు ఉంది, వెళ్లారా?' అంటే అసలు సంగతి బయటికొస్తుంది. రికార్డులో ఉన్నదాన్ని చదివి వినిపించాలి, కూలీ చెప్పేది రాసుకోవాలి. తేదీలు ఎవరికీ గుర్తుండవు. వేరుశెనగ పీకిన వారమా, పత్తి తీస్తున్నప్పుడా, ఊరి తిరునాళ్లకు ముందా అని అడిగితే ఖచ్చితంగా చెబుతారు. అందుకే ఆరు నెలల గడువుకు అంత విలువ. ఏడాదిన్నర దాటాక వస్తే ఏ తిరునాళ్లో కూడా కలగాపులగమైపోతుంది.

దొంగ మస్టర్లు బయటపడేది ఇలాగే. మస్టర్లో ఉన్న వారంలో ఆ మనిషి బెంగళూరులో కట్టడం పనిలో ఉంటాడు, కాలేజీ హాజరుపట్టీలో ఉంటాడు, ఒక్కోసారి ఆ వారానికి ముందే చనిపోయి ఉంటాడు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. ఇంట్లో ఒకరి పేరుమీద ఇంకొకరు నిజంగా పనిచేసిన సందర్భాలుంటాయి. భర్త పేరుమీద భార్య వెళ్లడం, తల్లి బదులు కొడుకు వెళ్లడం లాంటివి. నిబంధన ప్రకారం అది తప్పే, కానీ సొమ్ము కాజేయడం కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టి 'బోగస్' అని రాసే బృందం మీద ఊరికి నమ్మకం పోతుంది. మర్నాటి నుంచి తలుపులు తెరుచుకోవు.

పని స్థలంలో కొలతలు ఇంకో ఎత్తు. పనులన్నిటిలోకీ మోసం తేలిక, పట్టుకోవడం కష్టం అయినది మట్టి పని. ఉదాహరణకు ఒక కందకం పొడవు 3 మీటర్లు, వెడల్పు 1 మీటరు, లోతు అర మీటరు అనుకుందాం. తవ్విన మట్టి ఒకటిన్నర ఘనపు మీటర్లు. ఎం-బుక్కులో పొడవు, వెడల్పు అలాగే ఉంచి లోతు మాత్రం 0.75 అని రాస్తే రెండుంబావు ఘనపు మీటర్లవుతుంది. పని చేయకుండానే బిల్లు సగం పెరిగింది. పొడవు పెంచితే టేపు పెట్టగానే దొరికిపోతారు కాబట్టి ఎప్పుడూ లోతుతోనే ఆడతారు. ఒక వానాకాలం గడిస్తే కందకంలో ఒండ్రు చేరి అసలు లోతు మాయమవుతుంది. అలాంటప్పుడు అడుగున గునపంతో చిన్న కోత పెట్టి చూడాలి. కొత్తగా చేరిన ఒండ్రు వదులుగా, పొరలు పొరలుగా ఉంటుంది. తవ్వని నేల గట్టిగా, వేరే రంగులో తగులుతుంది. కొలత కోసం మధ్యలో తవ్వకుండా వదలాల్సిన మట్టి దిమ్మలు ఉన్నాయో లేవో చూడాలి. అవి లేకుండా లోతు ఎలా కొలిచారో కొలతలు వేసే టెక్నికల్ అసిస్టెంటు చెప్పగలగాలి.

చెరువు పూడికతీతకు ఈ ఉపాయం కూడా పనిచేయదు, నీళ్లు నిండితే అంతా సమానమే. అక్కడ చెరువును వదిలేసి మట్టి ఎటు పోయిందో వెతకాలి. ఏ రైతు పొలంలో ఎన్ని ట్రాక్టర్లు పోశారో అడిగి కూడితే రికార్డులోని ఘనపు మీటర్లకు దగ్గరగా రావాలి. పండ్ల తోటల లెక్క ఇంకా తేలిక. 25 అడుగుల ఎడంతో మామిడి పెడితే ఎకరానికి 70 మొక్కలకు మించి పట్టవు. రెండెకరాల రైతు పేర 200 గుంతలకు బిల్లయితే, ముందు పొలం కొలవాలి. యంత్రాలతో పని చేయించి మనుషుల పేర మస్టరు రాసిన కేసులో గట్టు కోతమీద జేసీబీ పళ్ల గుర్తులు కొన్నాళ్లే ఉంటాయి. పక్క పొలం రైతు జ్ఞాపకం మాత్రం చాలాకాలం ఉంటుంది.

పదో తరగతి, ఇంటర్ చదివిన పిల్లలు ఇంజనీరు రాసిన లెక్కను టేపుతో, ప్రశ్నతో పరీక్షించగలగడం ఈ సేవ సాధించిన అసలు విజయం. కాగితాన్ని కాగితంతో పోల్చే మామూలు ఆడిట్‌కు ఇది సాధ్యం కాదు. మస్టరు, ఎం-బుక్కు, బ్యాంకు చెల్లింపు మూడూ ఒకదానితో ఒకటి అతికినట్టు సరిపోతాయి. సరిపోనిది నేలతోనే.

ప్రజావేదికలో

ఊళ్లో గ్రామసభ ముగిశాక మండల కేంద్రంలో ప్రజావేదిక. జిల్లా నుంచి వచ్చిన అధికారి అధ్యక్షత వహిస్తారు. పంచాయతీ వారీగా అభ్యంతరాలు చదువుతారు, సిబ్బంది జవాబు చెప్పాలి, అక్కడికక్కడే నిర్ణయం. గత తనిఖీపై తీసుకున్న చర్యల నివేదికను సభ మొదట్లోనే చదవాలని నిబంధన. చూసేవాళ్లకు ఇదొక గీటురాయి. ఆ నివేదిక చదవకుండా నేరుగా కొత్త అభ్యంతరాల్లోకి వెళ్లిపోయారంటే, పాతవాటి గతేమిటో చెప్పడానికి అక్కడ ఎవరూ సిద్ధంగా లేరని అర్థం.

ఇక్కడ తప్పు జరిగే చోట్లు రెండు. మొదటిది, సాక్షి మాట మార్చడం. ఊళ్లో పని పెట్టే ఫీల్డ్ అసిస్టెంటు అదే ఊరివాడు, చుట్టమో పక్కింటివాడో అయి ఉంటాడు. రేపు పని అడగాల్సింది అతన్నే. నాలుగు రోజుల క్రితం వేలిముద్ర వేసిన మనిషి స్టేజీ మీద నీళ్లు నములుతాడు. దీన్ని పిరికితనం అనుకోవడం అన్యాయం. ఒక్క మనిషి వాంగ్మూలం మీద ఆధారపడకుండా అదే మస్టర్లో ఉన్న మిగతా కూలీల వాంగ్మూలాలు కూడా తీసుకుని, వాటిని ఊరి గ్రామసభలోనే చదివి, వీడియో తీసి ఉంటే ఒకరు వెనక్కి తగ్గినా అంశం నిలుస్తుంది. అలా చేయని బృందాల కేసులు వేదిక మీద ఒక్కొక్కటిగా కూలిపోతాయి.

రెండోది, 'డ్రాప్' అనే మాట. తనిఖీలో దొరకని రికార్డును సిబ్బంది ఆ రోజు చేతిలో పట్టుకొస్తారు, అధ్యక్షత వహించే అధికారి తిరగేసి చూసి అంశాన్ని డ్రాప్ చేస్తారు. గంటకు పదుల అంశాలు వినాల్సిన సభలో ఆ కాగితం ఎప్పుడు తయారైందో ఎవరు పరీక్షిస్తారు? వేదిక మీద కొత్తగా వచ్చిన ప్రతి రికార్డునూ మళ్లీ క్షేత్రంలో సరిచూసే దాకా అంశాన్ని పెండింగులో ఉంచాలి. ఇది అధికారి ఇష్టాయిష్టాల మీద వదలకూడదు, లిఖితపూర్వక నియమంగా ఉండాలి. ప్రజావేదికకు మూడు మార్కులతో సరిపెట్టడానికి ఇదే ముఖ్య కారణం.

ఇంత చెప్పినా, మండలమంతా చూస్తుండగా ఒక కూలీ మైకు పట్టుకుని ఇంజనీరును 'మా పని ఎంత కొలిచారు' అని అడగగలిగే వేదిక ఇంకే పథకంలో ఉంది? రేషన్‌కు, పింఛన్లకు, ఇళ్ల పథకాలకు కూడా ఇంత గట్టి తనిఖీ పెట్టాలని అడగడానికి ఇదొక్కటే చాలు. మేఘాలయ 2017లో అనేక పథకాలకు వర్తించేలా సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టమే చేసింది. 

ఆ తర్వాత

2011 నిబంధనలు చదివితే వసూలు భాగం చాలా పకడ్బందీగా కనిపిస్తుంది. కాజేసిన సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేసి రసీదు ఇవ్వాలి. అలా వచ్చిన డబ్బుకు విడి ఖాతా ఉండాలి. కూలీలకు చెందాల్సిన వేతనాన్ని వసూలైన ఏడు రోజుల్లోగా వాళ్లకు చెల్లించాలి. అవసరమైతే క్రిమినల్ కేసు పెట్టాలి. ఉమ్మడి రాష్ట్రం 2012లో సామాజిక తనిఖీలో తేలిన అక్రమాల విచారణ కోసం ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేసింది.

ఇక ఫలితం. 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్లలో దేశవ్యాప్తంగా సామాజిక తనిఖీలు తేల్చిన దుర్వినియోగం దాదాపు 935 కోట్ల రూపాయలు. వసూలైంది సుమారు పన్నెండున్నర కోట్లు, అంటే 1.34 శాతం. తేలిన సొమ్ములో ఆంధ్రప్రదేశ్ వాటాయే దాదాపు 239 కోట్లు. ఈ పెద్ద అంకె చూసి ఇక్కడే అవినీతి ఎక్కువ అనుకోకూడదు. తనిఖీ గట్టిగా జరిగిన రాష్ట్రంలోనే అంకె పెద్దది అవుతుంది. సున్నా చూపిన రాష్ట్రాల మీదే ఎక్కువ అనుమానం రావాలి.

వసూలు ఎందుకు కాదంటే, బాధ్యత ఎప్పుడూ కిందికి జారిపోతుంది. మస్టరు రాసిన మేటు, ఫీల్డ్ అసిస్టెంటు, కొలత వేసిన టెక్నికల్ అసిస్టెంటు వీళ్ల పేర రికవరీ రాస్తారు. వీరంతా చిరుజీతాల ఒప్పంద ఉద్యోగులు. ఉద్యోగం నుంచి తీసేశాక జీతంలో కోత పెట్టే దారి కూడా మూసుకుపోతుంది. కొలతలను సరిచూశానని సంతకం పెట్టిన పై ఇంజనీరు, చెల్లింపునకు అనుమతిచ్చిన అధికారి వాటా ఎంతో చాలా ఉత్తర్వుల్లో ఉండనే ఉండదు. చట్టం 25వ సెక్షన్ కింద వేసే జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలే. పోలీసు కేసు పెట్టాలంటే తనిఖీలో తీసుకున్న వాంగ్మూలం ఒక్కటే చాలదు, అసలు రికార్డులు స్వాధీనం చేసుకోవాలి. అవేమో తనిఖీ ముగియగానే తిరిగి అదే ఆఫీసుకు వెళ్లిపోతాయి. ఈ ఒక్క చోట మార్పు తెచ్చినా చాలా తేడా వస్తుంది. దుర్వినియోగం తేలిన పనుల అసలు మస్టర్లను, ఎం-బుక్కులను ప్రజావేదిక రోజే జిల్లా విజిలెన్స్ విభాగం తన అధీనంలోకి తీసుకోవాలి.

శిక్ష లేని తనిఖీకి సిబ్బంది ఎలా అలవాటు పడతారో ఆర్థికవేత్తలు ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికల మీదే చేసిన అధ్యయనం చూపింది. తనిఖీలు వరుసగా జరిగినా అక్రమాల మొత్తం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. తేలిగ్గా దొరికే కూలి డబ్బుల మోసం నుంచి, పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల వైపు మళ్లింది. ఇది ఊహించదగ్గదే. కూలీ తన వేతనం గురించి సాక్ష్యం చెప్పగలడు. సిమెంటు రోడ్డులో ఎన్ని బస్తాలు పడ్డాయో, ఇసుక ఏ రేటుకు కొన్నారో అతనికెలా తెలుస్తుంది? పథకంలో సామగ్రి వాటా 40 శాతం దాకా ఉండొచ్చు. ఆ భాగానికి వీఎస్‌ఏ టేపు చాలదు. రోడ్డు మందం చూడటానికి కోర్ (రోడ్డులోంచి కోసిన ముక్క) తీసి కొలిచే ఏర్పాటు, బిల్లులు ఇచ్చిన దుకాణాల జీఎస్టీ వివరాలు సరిచూసే మనిషి ప్రతి బృందంలో ఉండాలి.

దీనికి పక్కన పెట్టి చూడాల్సిన ఇంకో మూల్యాంకనం కూడా మన దగ్గరే జరిగింది. కూలి, పింఛన్ల చెల్లింపునకు ఉమ్మడి రాష్ట్రం వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో లాటరీ పద్ధతిన కొన్నిటికి ముందు, కొన్నిటికి తర్వాత అమలు చేసి తేడా కొలిచారు కార్తీక్ మురళీధరన్ బృందం. కార్డులు వచ్చిన మండలాల్లో కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది, డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో కారిపోయేది కూడా తగ్గింది. ఒక విధానం పనిచేస్తోందా లేదా అని ప్రభుత్వం తెలుసుకోవడానికి అలాంటి అధ్యయనం కావాలి. ఫలానా వారం నా కూలి ఏమైంది అన్న ప్రశ్నకు మాత్రం దాని దగ్గర జవాబు ఉండదు, సామాజిక తనిఖీ దగ్గరే ఉంటుంది. ఒకటి ఉందని రెండోదాన్ని వదిలేయడం విధానకర్తలు చేసే పెద్ద పొరపాటు.

తనిఖీకి అసలు కనబడనిది

రికార్డులో ఉన్నదాన్నే ఈ సేవ పరీక్షిస్తుంది. పని అడిగి, దొరక్క తిరిగి వెళ్లిన మనిషి ఏ మస్టర్లోనూ ఉండడు. దరఖాస్తు చేసిన 15 రోజుల్లోగా పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టం చెప్పింది. మొదటి 30 రోజులకు వేతనంలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత సగం. ఆచరణలో దీని ఊసే వినబడదు, ఎందుకంటే పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు ఎవరి చేతిలోనూ ఉండదు. నోటిమాటగా అడుగుతారు, ఫీల్డ్ అసిస్టెంటు పని పెట్టినప్పుడే అడిగినట్టు నమోదు చేస్తాడు. దాంతో లెక్కల్లో అడిగిన అందరికీ పని దొరికినట్టే ఉంటుంది. తనిఖీ ఫారాల్లో 'పని అడిగి దొరకనివారు' అన్నది ఒక నామమాత్రపు గడిగా ఉండకూడదు. ప్రతి ఇంట్లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

వేతన ఆలస్యానికీ ఇదే గతి. 15 రోజులు దాటిన ఆలస్యానికి రోజుకు 0.05 శాతం పరిహారం రావాలి. ఆరు రోజుల కూలి 1,800 రూపాయలు అనుకుంటే, రోజుకు 90 పైసలు. నెల ఆలస్యమైతే 27 రూపాయలు. చిన్న మొత్తమే అయినా అది హక్కు. అది రాలేదని తనిఖీలో రాయించినప్పుడే, ఆలస్యం ఏ స్థాయిలో జరిగిందో వెతకక తప్పదు.

ఫోన్‌లో హాజరు వేసే ఎన్‌ఎంఎంఎస్ యాప్ 2023 జనవరి నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్ని పనులకూ తప్పనిసరి అయ్యాక, ఇక దొంగ మస్టర్లు ఉండవని చాలామంది అనుకున్నారు. రోజుకు రెండు ఫొటోలు, స్థలం వివరాలతో సహా. కానీ సంబంధంలేని ఫొటోలు పెట్టడం, ఫొటోకే ఫొటో తీయడం లాంటివి జరుగుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలను హెచ్చరించాల్సి వచ్చింది. అదే సమయంలో, సిగ్నల్ లేక హాజరు ఎక్కనందువల్ల నిజంగా పనిచేసినవాళ్లు కూలి పోగొట్టుకుంటున్నారు. తనిఖీ బృందాలు ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఫొటోలోని మనుషుల సంఖ్యను మస్టర్లోని పేర్లతో పోల్చాలి. మస్టర్లో లేకపోయినా ఆ రోజు పనికి వెళ్లామని చెప్పేవాళ్ల వాంగ్మూలం కూడా అంతే శ్రద్ధగా తీసుకోవాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 ఉపాధి హామీ చట్టం స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. మన రాష్ట్రాల్లాంటి వాటికి ఖర్చులో 40 శాతం భరించే బాధ్యత వచ్చింది. ఇంతకాలం అకుశల కూలి మొత్తాన్ని కేంద్రమే భరించింది కాబట్టి, పోయిన కూలి డబ్బు మీద రాష్ట్ర ఖజానాకు పెద్ద పట్టింపు లేకపోయింది. సొంత డబ్బు కలిసినప్పుడైనా వసూలు మీద పట్టుదల పెరగాలి. పాత అనుభవంలోంచి కొత్త వ్యవస్థలోకి ఒక్కటే తీసుకెళ్లాలంటే, తనిఖీ విభాగం నిధులు, నియామకాలు పనులు చేయించే శాఖ దయ మీద ఆధారపడకుండా చూడాలన్నదే. నిధులు ఆగి నెలల తరబడి జీతం రాని డీఆర్‌పీ ఎంతకాలం నిక్కచ్చిగా ఉండగలడు?

వాడుకునేవాళ్లకు

తనిఖీ బృందం ఊళ్లోకి రాకముందే చేయాల్సిన పని కొంత ఉంది. ఎన్‌రేగా (ఉపాధి హామీ) వెబ్‌సైటులో పంచాయతీ ఎంచుకుని జాబ్ కార్డు నంబరు నొక్కితే, ఆ కుటుంబం పేర నమోదైన పనులు, రోజులు, సొమ్ము కనిపిస్తాయి. దాన్ని ప్రింటు తీసి బ్యాంకు పాసుపుస్తకం పక్కన పెట్టి చూసుకోవాలి. పాసుపుస్తకాన్ని ముందుగా అప్‌డేట్ చేయించుకోవాలి, లేకపోతే డబ్బు పడిందో లేదో బృందానికి కూడా తెలియదు. సొమ్ము వేరే ఖాతాలోకి వెళ్లిన కేసులు ఆధార్ అనుసంధానం తప్పుగా జరిగినచోట ఉంటాయి. అలా అనుమానమొస్తే ఏ బ్యాంకుకు అనుసంధానమైందో ముందే కనుక్కుని ఉంచాలి. వాంగ్మూలం మీద వేలిముద్ర వేసేముందు దాన్ని చదివి వినిపించమనాలి, తేదీలు, అంకెలు అక్షరాల్లో కూడా రాయమనాలి.

ప్రజావేదికకు ఒంటరిగా కాకుండా, ఒకే పనికి వెళ్లిన కూలీలంతా కలిసి వెళ్లాలి. మీ అంశంపై ఏం నిర్ణయించారో, ఎవరి నుంచి ఎంత వసూలు చేయమన్నారో, గడువు ఎంతో సభలోనే గట్టిగా చదవమని అడగాలి. నివేదిక తెలుగులో ఉండాలి, పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండూ నిబంధనలే.

ఆ తర్వాత నెల రోజులు ఆగి, ఎంపీడీఓ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు ఇవ్వాలి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు లేదు. 'తనిఖీపై ఏం చర్య తీసుకున్నారు' అని గుండుగుత్తగా అడిగితే 'చర్యలు ప్రక్రియలో ఉన్నాయి' అని ఒక్క వాక్యం వస్తుంది. ఫలానా తేదీ ప్రజావేదికలో మా పంచాయతీకి సంబంధించి ఇచ్చిన రికవరీ ఉత్తర్వుల నకళ్లు, వసూలు రసీదుల నకళ్లు, వసూలు సొమ్ము జమచేసిన ఖాతా స్టేట్‌మెంటు, అందులోంచి కూలీలకు చెల్లించిన వివరాలు అని విడివిడిగా అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. వచ్చిన జవాబు నకలును తర్వాతి తనిఖీకి వచ్చే వీఎస్‌ఏలకు మొదటి రోజే ఇచ్చి, నివేదికలో మొదటి అంశంగా రాయించాలి.